మొదటిసారి థాయిలాండ్ వెళ్తున్న కుటుంబం మోసపోకుండా తిరిగి రావాలంటే

డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన అమ్మానాన్నలను, ఇంజినీరింగ్ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్న తమ్ముణ్ణి వెంటబెట్టుకొని బ్యాంకాక్, పటాయా చూడటానికి వెళ్తున్నామని, ఇంటిల్లిపాదికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణమని, అక్కడ టూరిస్టులను మోసం చేస్తారని విని భయపడుతున్నామని మీరు రాశారు. తమ్ముడికి అక్కడే ఒక కంపెనీలో పని ఇప్పిస్తానని మీ ఊరి ఏజెంటు ఒకరు చెబుతున్నారన్న సంగతి చివర్లో ఒక్క వాక్యంలో ప్రస్తావించారు. మీరు రాసిన వాటన్నిటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ ఒక్క వాక్యమే కాబట్టి, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

హైదరాబాదు నుంచి కుటుంబాలను, స్నేహితుల బృందాలను థాయిలాండ్ తీసుకువెళ్లే పనిలో చాలాకాలంగా ఉన్నాను. ఆ అనుభవంతో ముందుగా చెప్పదలచుకున్నది ఏమిటంటే, అది భయపడవలసిన దేశం కాదు. అక్కడి సామాన్య జనం మర్యాదస్థులు, పెద్దవాళ్ల పట్ల ఎంతో గౌరవంగా ఉంటారు. టూరిస్టులు నష్టపోయేది చాలావరకు కొన్ని పేరుపడ్డ చోట్లలో, టూరిస్టులను పట్టుకోవడమే జీవనోపాధిగా పెట్టుకున్న కొద్దిమంది చేతుల్లోనే. వాళ్ల పద్ధతులు ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు కాబట్టి వాటిని ఇంట్లో కూర్చొనే తెలుసుకొని వెళ్లవచ్చు.

మీరు ఏమి మరిచిపోయినా ఒక తేడాను మాత్రం మనసులో పెట్టుకోండి: మనం వెదుక్కుంటూ వెళ్లిన మనిషి వేరు, మనల్ని వెదుక్కుంటూ వచ్చిన మనిషి వేరు. దారి తెలియక మీరు ఆపి అడిగిన దుకాణదారు మీకు అబద్ధం చెప్పడానికి కారణమేమీ ఉండదు. అడగకుండానే వచ్చి, చక్కటి ఇంగ్లీషులోనో హిందీలోనో పలకరించి, మీరు ఎక్కడికి వెళ్తున్నారో కనుక్కొని, ఆ ప్రణాళికను మార్చమని చెప్పే మనిషికి మాత్రం తప్పకుండా ఏదో ఒక ప్రయోజనం ఉంటుంది. దానికి తోడు తొందరపెట్టడం కూడా మొదలైతే, అంటే ఈ రోజే ఆఖరు, ఇప్పుడే డబ్బు కట్టాలి అనే మాట వినబడితే, ఇక ఆలోచించవలసిన పని లేదు. దండం పెట్టి ముందుకు నడవండి.

ప్రయాణానికి ముందే జరిగే మోసం ఒకటి ఉంది. 2025 మే 1 నుంచి థాయిలాండ్‌లో అడుగుపెట్టే ప్రతి విదేశీయుడూ చిన్నపిల్లలతో సహా డిజిటల్ అరైవల్ కార్డును ఆన్‌లైన్‌లో నింపాలి. చేరుకునే తేదీకి ముందు మూడు రోజుల్లోపు నింపవలసిన ఈ పత్రం పూర్తిగా ఉచితం. అయితే గూగుల్‌లో వెతికితే ప్రభుత్వ వెబ్‌సైటును పోలిన ప్రైవేటు వెబ్‌సైట్లు ముందు కనిపించి, మనిషికి ఇంతని డాలర్లలో వసూలు చేస్తాయి. డబ్బుతో పాటు పాస్‌పోర్టు వివరాలు కూడా వాళ్ల చేతికి పోతాయి. అసలైన చిరునామా థాయిలాండ్ ఇమిగ్రేషన్ శాఖది, దాని చివర ‘డాట్ గో డాట్ టీహెచ్’ అని ఉంటుంది. డబ్బు అడిగిన వెబ్‌సైటు ఏదైనా సరే, వెంటనే మూసేయండి. వీసా నిబంధనలు మధ్యమధ్య మారుతుంటాయి కాబట్టి వాటిని కూడా టికెట్టు కొనే ముందు ఢిల్లీలోని థాయి రాయబార కార్యాలయం వెబ్‌సైటులో చూసుకోవాలే గాని, వాట్సాప్‌లో తిరిగే సందేశాలను బట్టి నిర్ణయించుకోకూడదు. ప్యాకేజీ ద్వారా వెళ్తున్నట్లయితే, బయలుదేరడానికి కొద్ది రోజుల ముందు హోటలుకు మీరే నేరుగా ఫోన్ చేసి మీ పేరు మీద గది ఉందో లేదో, డబ్బు చెల్లించి ఉందో లేదో అడగండి. ప్యాకేజీ డబ్బును కంపెనీ ఖాతాకు కాకుండా ఎవరో ఒకరి సొంత నంబరుకు పంపమంటే పంపవద్దు.

బ్యాంకాక్‌లోని సువర్ణభూమి విమానాశ్రయంలో మీరు బయటికి వచ్చే అరైవల్స్ హాలు రెండో అంతస్తులో ఉంటుంది. అక్కడే టాక్సీ కావాలా అంటూ మీ దగ్గరకు వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లను పట్టించుకోకుండా ఒక అంతస్తు కిందికి దిగితే వరుసగా యంత్రాలు కనిపిస్తాయి. మీట నొక్కగానే వచ్చే చీటీ మీద ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు దగ్గర నిలబడి ఉన్న టాక్సీయే మీది. మీటరు 35 బాత్‌ల దగ్గర మొదలవుతుంది (బాత్ అంటే థాయిలాండ్ కరెన్సీ). దాని మీద విమానాశ్రయ రుసుము 50 బాత్‌లు, ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వెళ్తే టోలు అదనంగా మీరే ఇవ్వాలి, ఇది న్యాయమైన వసూలే. కొందరు డ్రైవర్లు కారు కదలగానే ఆ చీటీని ఇమ్మని అడుగుతారు, ఇవ్వకండి. అందులో ఆ టాక్సీ వివరాలు ఉంటాయి కాబట్టి, ఎక్కువ అడిగినా, సామాను కారులో మరిచిపోయినా మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. టాక్సీ మీద ఫిర్యాదుకు అక్కడి రవాణా శాఖ నంబరు 1584. మీటరు పాడైందని డ్రైవరు అంటే గొడవపడకుండా దిగిపోయి వేరే టాక్సీ తీసుకోండి. నగరంలో తిరగడానికి ఫోన్‌లోనే టాక్సీ పిలిపించుకొనే గ్రాబ్, బోల్ట్ యాప్‌లు అమ్మానాన్నలతో వెళ్లేవారికి మరింత సుఖంగా ఉంటాయి, ఎందుకంటే ఛార్జీ ముందే తెలుస్తుంది, గమ్యం పేరును థాయి భాషలో పలకవలసిన అవసరం ఉండదు.

ఇక బ్యాంకాక్‌లో అన్నిటికంటే పాత మోసం గ్రాండ్ ప్యాలెస్ అనే రాజభవనం దగ్గర జరుగుతుంది. తెలిసి కూడా చాలామంది అందులో పడుతుంటారు కాబట్టి దాన్ని దగ్గరగా చూపిస్తాను. ప్యాలెస్ ప్రధాన ద్వారం నా ఫ్రా లాన్ రోడ్డు మీద ఉంటుంది. ఆ ద్వారానికి ఇంకా కొంత దూరం ఉండగానే, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొని, మెడలో ఏదో ఒక గుర్తింపు కార్డు వేలాడుతున్న పెద్దమనిషి ఎదురవుతాడు. ఏ దేశం నుంచి వచ్చారని ప్రేమగా అడుగుతాడు. ఇండియా అనగానే బుద్ధుడు పుట్టిన నేల గురించి రెండు మంచి మాటలు చెబుతాడు. ఆ తరువాత ఈ రోజు ఉదయం పూజలు జరుగుతున్నాయి, విదేశీయులకు ప్రవేశం మధ్యాహ్నమే అని బాధగా చెప్పి, జేబులోంచి మ్యాపు తీసి పెన్నుతో రెండు మూడు చోట్ల సున్నాలు చుడతాడు: ఒక నిలువెత్తు బుద్ధుడి గుడి, ఒక అదృష్ట బుద్ధుడి గుడి, వాటి మధ్య ప్రభుత్వం ఏడాదికి ఒక్కసారి పన్ను లేకుండా రత్నాలు అమ్మే కేంద్రం. అంతలో మన ఆటో లాంటి టక్‌టక్ ఒకటి వచ్చి ఆగుతుంది, అన్నీ తిప్పి చూపించడానికి 20 బాత్‌లే అంటాడు దాని డ్రైవరు. దారిలో చూసే చిన్న గుడిలో మరో పెద్దమనిషి, మీకు సంబంధం లేని మనిషిలాగా కూర్చొని, తాను నిన్ననే ఆ కేంద్రంలో నీలాలు కొన్నానని, తన దేశంలో అమ్మితే రెట్టింపు వస్తుందని మాటల్లో చెబుతాడు. ముగ్గురూ ఒకే జట్టు మనుషులు.

దుకాణంలోకి అడుగుపెట్టాక కొనేవరకూ వదలరు. చూపించేవి నిజమైన కెంపులు, నీలాలే కావచ్చు, కాని నాసిరకం రాళ్లకు పెద్ద ధర చెబుతారు. కార్డుతో కట్టించుకొని, విమానాశ్రయంలో ఇబ్బంది ఉండదంటూ ఆ పొట్లాన్ని మీ ఇంటి చిరునామాకు పోస్టులో పంపించేస్తారు. ఆ పంపడం ఎందుకంటే, మీరు అదే రోజు మరొకచోట పరీక్ష చేయించి తిరిగి ఇచ్చే అవకాశం లేకుండా చేయడానికి. థాయి ప్రభుత్వం టూరిస్టులకు రత్నాలు అమ్మదు. అలాంటి కేంద్రం ఏదీ లేదు. హైదరాబాదులో అమ్మితే అంత లాభం వచ్చేట్టుంటే ఆ వ్యాపారి తానే అమ్ముకొనేవాడు కదా అనే ప్రశ్నను అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే కూతురి పెళ్లికో మనవరాలి పుట్టినరోజుకో అని మొదట మనసు పడేది ఇంట్లో పెద్దవాళ్లే.

గ్రాండ్ ప్యాలెస్‌ను మామూలుగా ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు టికెట్లు ఇచ్చి లోపలికి పంపుతారు, విదేశీయులకు టికెట్టు 500 బాత్‌లు. రాచకుటుంబ కార్యక్రమాల వల్ల కొన్ని రోజులు నిజంగానే మూసివేస్తారు కూడా. అందుకే ఎవరేమి చెప్పినా ద్వారం దాకా నడిచి, యూనిఫారంలో ఉన్న సిబ్బందిని మీరే అడగండి. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకోవాలి. చీర, చుడీదారు, పంచెలతో ఏ ఇబ్బందీ ఉండదు. షార్ట్స్ వేసుకొని వెళ్లేవారినే బయట బట్టలు కొనిపించే దుకాణాల వాళ్లు పట్టుకుంటారు.

పటాయా సంగతికి వస్తే, మీ తమ్ముడు తప్పకుండా నీళ్ల మీద నడిపే మోటారు బండి, అంటే జెట్ స్కీ, నడపాలంటాడు. పటాయా, ఫుకెట్ తీరాల్లో ఈ జెట్ స్కీల మీద ఫిర్యాదులు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. బండిని తిరిగి అప్పగించగానే దాన్ని ఒడ్డుకు లాగి, నీళ్లలో మునిగి ఉండే అడుగు భాగంలో ఉన్న పాత గీతను చూపించి, ఇది నువ్వే చేశావంటూ వేలకు వేల బాత్‌లు అడుగుతారు. నలుగురైదుగురు చుట్టూ చేరతారు, గొంతులు పెరుగుతాయి, పాస్‌పోర్టు తాకట్టు పెట్టి ఉంటే దాన్ని తిరిగి ఇచ్చేది లేదంటారు. నా అభిప్రాయంలో అది లేకుండానే పటాయా చూసి రావచ్చు. తప్పదంటే మాత్రం, బండిని ఒడ్డు మీద పెట్టించి అడుగు భాగంతో సహా అన్ని వైపులా, యజమాని ముఖం కూడా కనిపించేలా వీడియో తీయండి, పాస్‌పోర్టును ఏ పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. గొడవ వస్తే వాళ్లతో కలిసి ఏటీఎం దగ్గరకు నడవకుండా అక్కడే నిలబడి 1155కు ఫోన్ చేయండి. అది టూరిస్టు పోలీసు నంబరు, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, ఇంగ్లీషులో మాట్లాడతారు. ఫోన్ చేస్తున్నారని తెలియగానే అడిగే మొత్తం చాలావరకు తగ్గిపోవడం నేను చూశాను.

స్కూటరు అద్దెకు తీసుకోవడంలో కూడా ఇదే చిక్కు ఉంది, దానికి మించిన ప్రమాదం కూడా ఉంది. ద్విచక్ర వాహనం నడిపే అర్హత నమోదైన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా నడిపి ప్రమాదం జరిగితే, ప్రయాణ బీమా కంపెనీ ఆసుపత్రి ఖర్చు ఇవ్వడానికి నిరాకరించవచ్చు. ఆ పర్మిట్‌ను మీ ఆర్టీవో కార్యాలయంలోనే ఇస్తారు, ఏడాది పాటు చెల్లుతుంది. పటాయా దగ్గరి కో లాన్ దీవికి స్పీడు బోటులో వెళ్లేటప్పుడు అమ్మానాన్నలకు లైఫ్ జాకెట్ వేయించి, దాని పట్టీలు బిగించి ఉన్నాయో లేదో మీరే చూడండి. 2018 జులైలో ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే పడవ తుపాను అలలకు మునిగి 47 మంది చైనా టూరిస్టులు చనిపోయారు. వాతావరణం బాగాలేని రోజున డబ్బు పోయినా సరే పడవ ఎక్కవద్దు. ఊళ్లో తిరిగే సోంగ్‌తావ్ అనే వ్యాన్లు మన షేర్ ఆటోల లాంటివే. ఎంత అని బేరం మొదలుపెడితే అది మీ కోసం ప్రత్యేకంగా కట్టించుకున్న బండి అయిపోతుంది. నడుస్తున్న దారిలో ఎక్కి, దిగవలసిన చోట గంట నొక్కి, మిగతావాళ్లు ఇచ్చినంత ఇస్తే సరిపోతుంది. రాత్రి వీధుల్లో ఉచిత ప్రవేశం అంటూ మేడ మీదికి పిలిచే చోట్లకు పోకూడదని తమ్ముడికి చెప్పండి. లోపలికి పిలిచేది ఉచితంగానే, బిల్లు కట్టకుండా బయటికి మాత్రం పంపరు.

భారతీయులను ఉద్దేశించి చేసే మోసాలు కూడా ఉన్నాయి. వీధిలో తలపాగా చుట్టుకొన్న మనిషి ఎదురై, మీ ముఖంలో గొప్ప అదృష్టం కనిపిస్తోందని చెప్పి, చిన్న కాగితం ముక్క మీద మీ అమ్మ పేరో మీకు ఇష్టమైన పువ్వు పేరో ముందే రాసినట్టు చూపిస్తాడు. అది చేతి చలాకీతనం. ఆ తరువాత దోష నివారణకు డబ్బు అడగడం మొదలవుతుంది. ఇంకొందరు జంటగా వచ్చి, తాము త్వరలో ఇండియా వెళ్తున్నామని, మీ నోట్లు ఎలా ఉంటాయో చూడాలని అడుగుతారు. పర్సు తెరిస్తే వాళ్ల వేళ్ల మధ్యకు ఎన్ని నోట్లు పోయాయో గదికి వెళ్లి లెక్కపెట్టుకొనేవరకూ తెలియదు. పరాయి దేశంలో మనవాళ్ల భాష వినగానే మనసు కరిగిపోతుంది, అది సహజమే, కాని పర్సు తెరవడానికి అది కారణం కాకూడదు.

డబ్బు విషయంలో కొన్ని ఏర్పాట్లు ఇంటి దగ్గరే చేసుకోవాలి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట నిలిపివేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో వాటిని తెరిచి, రోజుకు ఎంత వరకు అనే పరిమితి కూడా మీరే పెట్టుకోవచ్చు. ఆ పరిమితిని తక్కువగా పెట్టండి. జీతం పడే ఖాతా కార్డు కాకుండా, కొద్ది మొత్తం విదేశీ కరెన్సీ ముందే వేసుకొన్న ఫారెక్స్ కార్డు ఒకటి, విడి సంచిలో మరో బ్యాంకు కార్డు ఒకటి ఉంచుకోండి. ఏటీఎంలో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 220 బాత్‌లు లేదా అంతకు పైగా తీసుకుంటుంది, కాబట్టి చిన్న చిన్న మొత్తాలు తీయడం దండగ. దుకాణంలో గాని ఏటీఎంలో గాని రూపాయల్లో వసూలు చేయమంటారా, బాత్‌లలోనా అని అడిగితే ఎప్పుడూ బాత్‌లే అనండి. రూపాయలు అన్నారంటే వాళ్లు వేసుకొన్న మారకపు రేటుకు మీరు ఒప్పుకున్నట్టే. ఓటీపీల కోసం మీ ఇండియా నంబరుకు రోమింగ్ తెరిచి ఉంచాలి.

చట్టాల విషయం తేలికగా తీసుకోకూడదు. థాయిలాండ్‌లో ఈ-సిగరెట్లు 2014 నుంచి నిషిద్ధం, సంచిలో దొరికినా కేసు అవుతుంది. జూదం అక్కడ నేరం, 1935 నాటి చట్టం ప్రకారం 120కి మించి పేకముక్కలు దగ్గర ఉండటం కూడా నేరమే. 2016లో పటాయాలో బ్రిడ్జి అనే పేకాట ఆడుకొంటున్న వృద్ధ విదేశీయులను పోలీసులు ఈ చట్టం కిందే పట్టుకున్నారు. అందువల్ల హోటలు గదిలో కాలక్షేపానికైనా పేకాట వద్దని స్నేహబృందాలకు నేను గట్టిగా చెబుతుంటాను. నాన్నగారి మందులను డాక్టరు చీటీతో పాటు, అసలు ప్యాకింగుతోనే తీసుకువెళ్లండి; ట్రమడాల్, కోడిన్ లాంటి నొప్పి, దగ్గు మందుల మీద అక్కడ నియంత్రణ ఉంది. తిరుగు ప్రయాణం సింగపూర్ మీదుగా అయితే గసగసాలు గాని, అవి కలిసిన మసాలాలు గాని సంచిలో ఉండకూడదు, అక్కడ అవి నిషిద్ధం.

తిరిగి వచ్చేటప్పుడు ఎవరి సంచినీ, ఎవరి పొట్లాన్నీ పట్టుకురావద్దు. హైదరాబాదులో మా అన్నయ్య వచ్చి తీసుకుంటాడు, చాక్లెట్లే అని చెప్పి ఇచ్చేవాళ్లు ఎదురవుతారు. బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుల సామానులో తినుబండారాల ప్యాకెట్ల మధ్య దాచిన హైడ్రోపోనిక్ గంజాయి (మట్టి లేకుండా నీళ్లలో పెంచినది) శంషాబాద్ విమానాశ్రయంలో ఇటీవలి ఏళ్లలో పదే పదే పట్టుబడింది. మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో, సరుకు మీ దగ్గర దొరికితే అది మీకు తెలియకుండా వచ్చిందని నిరూపించుకోవలసిన భారం మీ మీదే ఉంటుంది. సంచికి మీరే తాళం వేసి, ఆ తరువాత మీ కళ్లెదుటే ఉంచుకోండి.

ఇప్పుడు తమ్ముడి ఉద్యోగం. టూరిస్టుగా వెళ్లినవారు థాయిలాండ్‌లో పనిచేయడం చట్టరీత్యా నేరం. అక్కడ ఉద్యోగానికి ముందే దానికి సంబంధించిన వీసా, ఆ తరువాత వర్క్ పర్మిట్ ఉండాలి. ముందు టూరిస్టుగా రండి, తరువాత మారుస్తాం అని ఏజెంటు అంటున్నాడంటే ఆ మాట ఒక్కటే చాలు, అక్కడితో ఆపేయాలి. డేటా ఎంట్రీ, డిజిటల్ మార్కెటింగ్, కస్టమర్ సపోర్ట్ అంటూ పిలిపించుకొన్న యువకులను బ్యాంకాక్ నుంచి రోడ్డు మార్గాన మేసోట్ అనే సరిహద్దు ఊరికి తీసుకువెళ్లి, మోయి నది దాటించి, మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతంలో ఉన్న కేంద్రాలకు అప్పగించడం కొన్నేళ్లుగా జరుగుతోంది. అక్కడ పాస్‌పోర్టు లాక్కొని, పెద్ద గోడల మధ్య ఉంచి, రోజంతా ఫోన్లలో, కంప్యూటర్లలో ఇతరులను మోసగించే పని చేయిస్తారు. చేయనంటే కొడతారు, వదలాలంటే డబ్బు కట్టమంటారు. 2025 మార్చిలో భారత ప్రభుత్వం మేసోట్ నుంచి వాయుసేన విమానాల్లో 549 మందిని వెనక్కి తీసుకువచ్చింది, వారిలో తెలుగు రాష్ట్రాల పిల్లలు కూడా ఉన్నారు. కంబోడియాకు ఇదే విధంగా యువకులను పంపిన ఏజెంట్లను 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. ఆ ఏజెంట్లు ఎక్కడో దూరాన ఉన్నవాళ్లు కాదు, మన జిల్లాల్లో మన మధ్య తిరిగినవాళ్లే. మీ ఏజెంటు పేరు విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో రిజిస్టరై ఉందో లేదో చూడండి. లేకపోతే ఆయనతో ఏ లావాదేవీ పెట్టుకోవద్దు. ఉన్నా సరే, కంపెనీ నుంచి ఉద్యోగ వీసా కాగితాలు చేతికి రాకుండా తమ్ముణ్ణి అక్కడ ఒంటరిగా ఒక్క రోజు కూడా వదిలి రావద్దు. మీరు నలుగురు వెళ్తున్నారు, నలుగురూ ఒకే విమానంలో తిరిగి రండి.

మీరు అక్కడ ఉన్నప్పుడు ఇక్కడ ఉన్న బంధువులకు కూడా ఫోన్లు రావచ్చు. మీ అబ్బాయి బ్యాంకాక్‌లో గంజాయితో దొరికాడు, కేసు కాకుండా చేయాలంటే వెంటనే డబ్బు పంపండి అని పోలీసు వేషంలో వీడియో కాల్ చేస్తారు, మీ గొంతును పోలిన గొంతు కూడా వినిపిస్తారు. అందుకని బయలుదేరే ముందు మీ బాబాయిగారికో, ఇంటి పక్కవారికో మీ హోటళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇచ్చి, ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక ప్రశ్నను అనుకొని ఉండండి. అలాంటి ఫోను వస్తే వాళ్లు పెట్టేసి, హోటలుకు చేసి అడగాలి. డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా మన దేశంలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెబితేనే ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం ఎక్కువ.

పాస్‌పోర్టు పోతే ముందుగా దగ్గరలోని పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసి దాని ప్రతి తీసుకోవాలి. ఆ ప్రతితో బ్యాంకాక్‌లో సుఖుంవిత్ రోడ్డు 23వ సోయిలో (సోయి అంటే సందు) ఉన్న మన రాయబార కార్యాలయానికి వెళ్తే, ఇంటికి చేరడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతికి వచ్చినా పని పూర్తి కాదు, థాయి ఇమిగ్రేషన్ కార్యాలయంలో మీరు ఆ దేశంలోకి వచ్చిన తేదీ రుజువును దాని మీద వేయించుకోవాలి, లేకపోతే విమానాశ్రయంలో ఆపుతారు. ఈ పనులకు పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల ఫొటోకాపీలు, లోపలికి వచ్చిన ముద్ర ఉన్న పేజీ ఫొటో, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఉంటే చాలా సమయం కలిసి వస్తుంది కాబట్టి, వాటిని నలుగురివీ ఒక కవరులో పెట్టి, పాస్‌పోర్టులు లేని సంచిలో ఉంచండి. రాయబార కార్యాలయానికి మన పండుగలకూ, థాయి పండుగలకూ కూడా సెలవులు ఉంటాయి. మీ తేదీల్లో ఏవి పడుతున్నాయో దాని వెబ్‌సైటులో చూసి, అత్యవసర ఫోన్ నంబరును ఇప్పుడే నలుగురి ఫోన్లలో ఎక్కించుకోండి.